జన్యుశాస్త్రం చెప్పాలంటే పత్తి చేను నుంచి మొదలుపెట్టండి

పదో తరగతిలో అనువంశికత పాఠం రాగానే మనమంతా బఠాణీ మొక్క బొమ్మ గీస్తాం. పొడవు, పొట్టి, మూడుకు ఒకటి, గళ్ల పట్టిక. పిల్లలు పట్టిక నేర్చుకుంటారు, మార్కులు తెచ్చుకుంటారు. "జీన్ అంటే ఏంటి?" అని అడిగితే మాత్రం "లక్షణాలను మోసుకెళ్లేది" అంటారు. ఏం మోస్తుంది, ఎలా పని చేస్తుంది అంటే ఎవరూ నోరు విప్పరు. తప్పు పిల్లలది కాదు. అనువంశికత ఒకచోట, ప్రోటీన్లు ఇంకోచోట, జన్యుమార్పిడి పంటలు చివరి పేజీలో ఒక పేరాగా ఉంటే ఈ మూడూ ఒకటే కథ అని వాళ్లకు ఎవరు చెప్పాలి?

నేను జనగామ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. దసరా దాటిందంటే మా పిల్లల్లో చాలామంది సెలవు రోజున పత్తి ఏరడానికి వెళ్తారు. గూడ రాలడం, గుడ్డిపూలు, గులాబీ పురుగు లాంటి మాటలు వాళ్లకు నేను నేర్పాల్సిన పని లేదు. అందుకే ఈ మూడు విషయాలనూ ఒక్క పత్తి మొక్క మీదే చెబుతాను. పత్తి పండే ఊళ్లలో పనిచేసే టీచర్ల కోసం ఆ పద్ధతి రాస్తున్నాను. వరి ఊళ్ల వాళ్లకు పనికొచ్చే భాగం కూడా కింద ఉంది.

ముందు తయారీ సంగతి. పాఠం నవంబర్‌లో వచ్చినా పని జూన్‌లోనే మొదలవ్వాలి. విత్తనాలు వేసే రోజుల్లో ప్యాకెట్ వెనక ఏం రాసి ఉందో ఫోన్‌లో ఫొటో తీసి తెమ్మనండి. ప్యాకెట్లు మాత్రం తేనివ్వకండి. ఆ విత్తనాలకు పురుగుమందు పట్టించి రంగు వేసి ఉంటారు, ఖాళీ కవరును కూడా పిల్లలు ముట్టుకోకూడదు. "మీ ఇంట్లో ఏ విత్తనం వేశారు?" అని తరగతిలో ఎవరినీ అడగొద్దు. కలుపు మందును తట్టుకునే పత్తికి మన దేశంలో అనుమతి లేకపోయినా చాలా ఊళ్లలో సాగుతోంది. పిల్లవాడు తన ఇంటి సంగతి నలుగురి ముందు చెప్పి ఇబ్బంది పడే పరిస్థితి మనం తేకూడదు. ఎవరి చేనుదో చెప్పనక్కర్లేని నాలుగైదు ఫొటోలు చాలు.

మొదటి క్లాసులో ఒకే ప్రశ్న వేయండి: బీటీ పత్తి ఆకు తింటే పచ్చ పురుగు ఎందుకు చచ్చిపోతుంది? ఆకులో "మందు" ఉందని ఎవరో ఒకరు అంటారు. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరైనా పోశారా అని అడగండి. అక్కడ క్లాసు ఆగుతుంది. ఆ ఆగిన చోటే పాఠం మొదలు.

మట్టిలో బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా ఉంది. 1901లో జపాన్‌లో పట్టుపురుగులు చచ్చిపోతుంటే ఇషివాటా దాన్ని గుర్తించాడు. 1911లో జర్మనీలోని తురింజియాలో బెర్లినర్ పిండి పురుగుల్లో మళ్లీ చూశాడు, ఆ ప్రాంతం పేరే దానికి నిలిచింది. బీటీ అంటే ఆ రెండు మాటల పొడి అక్షరాలే. ఈ బ్యాక్టీరియా స్ఫటికాల రూపంలో ఒక ప్రోటీన్ తయారు చేస్తుంది. గొంగళిపురుగు పేగులో క్షార గుణం ఎక్కువ కాబట్టి ఆ స్ఫటికం అక్కడ కరుగుతుంది. కరిగిన ప్రోటీన్‌ను పురుగు ఎంజైములే కత్తిరించి పని చేసే రూపానికి తెస్తాయి. ఆ ముక్క పేగు కణాల మీదున్న గ్రాహకాలకు అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. పురుగు మేత మానేసి చచ్చిపోతుంది.

ఈ ప్రోటీన్ ఎలా తయారవ్వాలో రాసి ఉన్న డీఎన్‌ఏ భాగమే జన్యువు. దాని పేరు క్రై 1 ఏసీ. బ్యాక్టీరియాలోని ఈ జన్యువును మొక్కకు తగ్గట్టు సవరించి పత్తి కణంలోకి చేర్చారు, ఆ కణం నుంచి మొక్కను పెంచారు. మన దేశంలో 2002 మార్చిలో దీనికి అనుమతి వచ్చింది. క్రై 2 ఏబీ అనే రెండో జన్యువును కూడా చేర్చిన రకం 2006లో వచ్చింది.

చూశారా, నిర్వచనం చెప్పకుండానే జన్యువు అంటే ఏమిటో వచ్చేసింది. ఒక ప్రోటీన్, అది చేసే ఒక పని, పిల్లవాడు తన కళ్లతో చూసిన ఒక పురుగు చావు. బోర్డు మీద ఇంత మాత్రం రాయండి: జన్యువు, ఆర్‌ఎన్‌ఏ నకలు, ప్రోటీన్, దాని పని. ఈ వరుసను బోర్డుకు ఒక పక్కన పాఠం అయ్యేదాకా చెరపకుండా ఉంచండి. జన్యువును వంటల పుస్తకంతోనో ఇంటి ప్లానుతోనో పోల్చి చెప్పాలని మనకు అనిపిస్తుంది. నా మాట వినండి, పోలికల జోలికి పోవద్దు. పిల్లలకు పోలిక గుర్తుంటుంది, విషయం జారిపోతుంది. కళ్లముందు చూపించగలిగే మొక్క ఉండగా పోలిక ఎందుకు?

"మరి ఆ ప్రోటీన్ మనం తింటే?" అనే ప్రశ్న తప్పకుండా వస్తుంది, దాటెయ్యకండి. పసుపు రాసి ఆరబెట్టిన కాగితం మీద ఒకచోట సున్నపు తేట, ఇంకోచోట నిమ్మరసం వెయ్యండి. సున్నం పడ్డ చోట పారాణిలా ఎర్రబడుతుంది, నిమ్మరసం పడ్డ చోట పసుపు పసుపుగానే ఉంటుంది. పురుగు పేగు ఎటువైపు, మన జీర్ణాశయం ఎటువైపు అని అడగండి. మన కడుపులో ఆమ్లం ఉంటుంది, ఆ ప్రోటీన్ అతుక్కునే గ్రాహకాలు మన పేగులో లేవు. పత్తి గింజల నూనె సంగతి అడిగితే, శుద్ధి చేసిన నూనెలో ప్రోటీన్ గానీ డీఎన్‌ఏ గానీ దాదాపు మిగలవని చెప్పండి.

డీఎన్‌ఏ కంటికి కనబడాలని పిల్లలకు ఉంటుంది. బాగా మగ్గిన అరటిపండు సగం మెత్తగా పిసికి, అర గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు, ఒక చెంచా గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, నురగ రాకుండా తిప్పి, పలుచటి గుడ్డలో వడగట్టండి. బాగా చల్లబరచిన స్పిరిట్‌ను గ్లాసు అంచు నుంచి మెల్లగా పొయ్యండి. రెండు పొరలు కలిసే చోట తెల్లటి జిగట పోగులు పైకి లేస్తాయి. అది ఒక్క డీఎన్‌ఏ పోగు కాదు, లక్షల కణాలవి కలిసిన ముద్ద, ప్రోటీన్లు కూడా అందులో ఉంటాయి. ఈ మాట చెప్పి తీరాలి. మనం రోజూ తినే ప్రతి పండులో, కూరలో డీఎన్‌ఏ ఉంటుందని ఆ గ్లాసు చూపిస్తూ చెప్పొచ్చు. స్పిరిట్ దగ్గర మంట ఉండకూడదు.

ఇప్పుడు వ్యక్తీకరణ, అంటే జన్యువు చురుకై తన ప్రోటీన్‌ను తయారు చేయించడం. నా దృష్టిలో మొత్తం పాఠానికి ఇదే కీలకం. దీనికి ఎక్కువ పీరియడ్లు ఇవ్వండి, మిగతావి కుదించినా ఫర్వాలేదు. ఎందుకంటే జన్యువు ఉండటం వేరు, అది పని చెయ్యడం వేరు అని తెలియని పిల్లవాడికి జన్యుమార్పిడి అంటే ఒక మంత్రంలా, లేదంటే ఒక భయంలా మిగిలిపోతుంది.

ఒకే డబ్బాలోని పెసలు నానబెట్టి రెండు గ్లాసుల్లో తడి దూది మీద వెయ్యండి. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి మూత పెట్టిన అట్టపెట్టెలో. నాలుగైదు రోజులకు వెలుగులోవి పొట్టిగా పచ్చగా ఉంటాయి, చీకట్లోవి పొడుగ్గా పాలిపోయి పసుపుగా ఉంటాయి. అవే పెసలు, అవే జన్యువులు. మరి తేడా ఎక్కడిది? పిల్లలను కాసేపు వాదించుకోనివ్వండి. తర్వాత పసుపు మొలకలను వెలుగులోకి తెచ్చి పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో ఆకులు పచ్చబడతాయి. విత్తనంలో లేని కొత్త జన్యువేదీ కిటికీలోంచి రాలేదు. ఉన్న జన్యువుల్లో కొన్ని వెలుగు తగలగానే చురుకయ్యాయి. ఇక్కడ ఒక చిన్న నిజాయితీ అవసరం. పత్రహరితం తయారీలో ఒక ఎంజైము తన పని చెయ్యడానికే వెలుగు కావాలి. కాబట్టి పచ్చదనం మొత్తం జన్యువులు చురుకవ్వడం వల్లే కాదు, రెండూ కలిసి జరుగుతాయి. తెలివైన పిల్ల ఇంటర్‌లో ఈ సంగతి చదివినప్పుడు "మా టీచర్ తప్పు చెప్పింది" అనుకోకూడదు.

తర్వాత మళ్లీ పత్తికి రండి. బీటీ జన్యువు మొక్కలోని ప్రతి కణంలోనూ ఉంటుంది. దాని ముందు పెట్టిన ప్రమోటర్ (జన్యువును పని మొదలుపెట్టించే డీఎన్‌ఏ ముక్క) కాలీఫ్లవర్‌కు తెగులు తెచ్చే ఒక వైరస్ నుంచి తీసుకున్నది. మొక్క అన్ని భాగాల్లోనూ జన్యువును పని చేయించేలా దాన్ని ఎంచుకున్నారు. అయినా ప్రోటీన్ అంతటా సమానంగా ఉండదు. నాగపూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2005లో ప్రచురించిన కొలతల ప్రకారం ఆకుల్లో ప్రోటీన్ ఎక్కువ. పురుగు నిజంగా తొలిచే మొగ్గలో, పువ్వులో, కాయ తొక్కలో తక్కువ. పంట ముదిరేకొద్దీ తగ్గుతూ, సుమారు 110 రోజులు దాటాక పచ్చ పురుగును చంపే మోతాదు కంటే కిందికి పడిపోతుంది.

ఈ వివరం చెప్పినప్పుడు పత్తి ఇంటి పిల్లల ముఖాలు చూడాలి. "అందుకేనా టీచర్, ఆఖరి కాపులో పురుగు ఎక్కువ?" అని వాళ్లే అంటారు. అది ఒక కారణమని, అదొక్కటే కాదని చెప్పండి. పంటను జనవరి, ఫిబ్రవరి దాకా పొడిగించి పెంచితే గులాబీ పురుగుకు తిండి దొరుకుతూనే ఉంటుంది, తరం మీద తరం పెరుగుతుంది. వ్యవసాయ శాఖ వాళ్లు చేను తొందరగా తీసెయ్యమని, మోళ్లను నిలవ ఉంచొద్దని ఎందుకు చెబుతారో ఇక్కడ కలిపి చెప్పొచ్చు.

దగ్గర్లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంటే బీటీ పరీక్ష స్ట్రిప్పులు దొరుకుతాయేమో అడిగి చూడండి. ఆకు ముక్కను ద్రావణంలో నూరి స్ట్రిప్ ముంచితే ప్రోటీన్ ఉన్నప్పుడు రెండు గీతలు వస్తాయి. కోవిడ్ ర్యాపిడ్ టెస్ట్ చూసిన పిల్లలకు వివరం అక్కర్లేదు. అది చూపించేది జన్యువును కాదు, ప్రోటీన్‌ను అని గుర్తు చేస్తే చాలు.

ఇంత అయ్యాకే మెండెల్, బఠాణీ మొక్కలతో అనువంశికత లెక్క తేల్చినాయన. వరుస తిరగేశానని కొందరు టీచర్లు అంటారు గానీ, జన్యువు ఏం చేస్తుందో తెలిశాక లెక్క పిల్లలకు లెక్కలా కాకుండా అర్థంతో కనిపిస్తుంది.

పగిలిన పత్తి కాయ ఒకటి తెచ్చి దూది విప్పి గింజలు తీయించండి. ఒక్క కాయలో ఇరవైకి పైగానే ఉంటాయి. ఆ గింజలన్నీ ఒకే తల్లి మొక్క బిడ్డలు, కానీ ఒక్కొక్క గింజ వేరే వేరే ఫలదీకరణం నుంచి వచ్చింది. మన దేశంలో ఎక్కువ బీటీ హైబ్రిడ్లలో తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే బీటీ జన్యువు వస్తుంది. అంటే చేనులో ఉన్న మొక్కలో ఒక్క ప్రతే ఉంది. ఆ మొక్క తన పుప్పొడితో తానే ఫలదీకరణ చెందితే కాయలోని గింజల్లో ఎన్నింటికి బీటీ రాదు?

దీనికి చింతగింజలు తెప్పించండి. సగం నల్లగా ఉంచి, సగానికి సున్నం పూసి ఆరబెట్టండి. రెండు గుడ్డ సంచుల్లో నల్లవి, తెల్లవి సమానంగా వేసి ఒకదాని మీద పుప్పొడి, ఇంకోదాని మీద అండం అని రాయండి. నలుపు అంటే బీటీ ఉంది, తెలుపు అంటే లేదు. ఒక్కొక్కరు చూడకుండా రెండు సంచుల్లోంచి ఒక్కోటి తీసి, జంట రాసుకుని, గింజలను తిరిగి సంచిలో వెయ్యాలి. అష్టాచెమ్మాకు వాడే చీల్చిన చింతపిక్కలు ఎగరేయించాలని పిల్లలకు సరదాగా ఉంటుంది. అవి రెండు వైపులా సమానంగా పడవు, లెక్క తప్పుతుంది. సంచే మేలు.

బెంచీకి పది జంటలు తీస్తే ఒక్కో బెంచీలో ఒక్కోలా వస్తుంది, ఒకచోట తెలుపు జంట అసలే రాదు. గొడవ చేస్తారు. చెయ్యనివ్వండి. క్లాసు మొత్తం కూడితే నాలుగింట ఒకటికి దగ్గరగా వస్తుంది. మెండెల్ వేలల్లో గింజలు ఎందుకు లెక్కపెట్టాడో అప్పుడు చెప్పండి. రెండో తరంలో గుండ్రటివి 5,474, ముడతలు పడ్డవి 1,850. భాగించమనండి. 2.96 వస్తుంది. బొత్తిగా మూడు రాలేదేమని అడిగే పిల్ల ఉంటే ఆ రోజు క్లాసు గెలిచినట్టే.

ఇప్పుడు చింతగింజల లెక్కను చేనులోకి తీసుకెళ్లండి. గులాబీ పురుగు తినేది గింజను. ఒకే కాయలో ఒక గింజలో విషం ఉంది, పక్క గింజలో లేదు. కొద్ది కొద్దిగా విషం తగులుతూ బతికే అవకాశం పురుగుకు దొరికింది. అలా బతికినవాటి సంతానమే పెరుగుతుంది. పురుగులోనూ జన్యువులున్నాయి, దానికీ మెండెల్ లెక్క ఉంది అని పిల్లలకు తెలియడం ఇక్కడే. గుజరాత్‌లో 2009లో గులాబీ పురుగు క్రై 1 ఏసీని తట్టుకోవడం బయటపడింది, తర్వాతి కొన్నేళ్లలో రెండు జన్యువుల రకాన్ని కూడా తట్టుకుంది. అప్పట్లో 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఇచ్చేవాళ్లు. చుట్టూ వెయ్యమని ఇచ్చిన ఆ పొట్లాన్ని చాలామంది పక్కన పడేశారు. అది ఎందుకు ఇచ్చారో చెప్పండి. విషం తగలని పురుగులు కొన్ని మిగిలి, తట్టుకునే పురుగులతో జతకడితే, పుట్టే వాటిలో తట్టుకునే గుణం అంతర్గతంగా, అంటే జన్యువు ఉన్నా పైకి కనబడకుండా, ఉండిపోతుందని ఆశ. బహిర్గతం, అంతర్గతం అనే మాటలకు దీనికంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

చురుకైన పిల్లలకు రెండు జన్యువుల లెక్క ఇవ్వండి. పదహారింట ఒక గింజలో రెండూ ఉండవు. హైబ్రిడ్ గింజ దాచుకుని వేస్తే పంట ఒక్కతీరుగా రాదని ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట కూడా ఇక్కడ తేలిపోతుంది. బీటీ గింజ అసలు మొలకెత్తదని ఊళ్లో ఒక నమ్మకం ఉంది. కాయలోంచి తీసిన గింజను తడి గుడ్డలో చుట్టి పెడితే సరి, మొలకే సమాధానం చెబుతుంది.

నాలుక మడతపెట్టడం, చెవి తమ్మె లెక్కలు మాత్రం నేను చెయ్యించను. అవి ఒకే జన్యువు లక్షణాలు కావు. ఒకే పోలికలో పుట్టిన కవలల్లో కూడా కొన్నిసార్లు ఒకరు నాలుక మడవగలరు, ఒకరు మడవలేరు. పైగా అమ్మానాన్నలతో పోల్చి చూడమంటే పెంపుడు పిల్లలు, తండ్రి లేని పిల్లలు క్లాసులో ఉంటారని మరిచిపోకూడదు.

వరి ఊళ్ల టీచర్లకు సాంబ మసూరి ఉంది. బాపట్ల నుంచి వచ్చిన ఈ బీపీటీ 5204 తెలియని ఇల్లు లేదు. దీనికి ఎండాకు తెగులు ఎక్కువ. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి తెగులును తట్టుకునే మూడు జన్యువులను సంకరణంతోనే ఇందులోకి తెచ్చాయి. ప్రతి తరంలో ఆ జన్యువులున్న మొక్కలను డీఎన్‌ఏ గుర్తులతో ఏరుకున్నారు. 2008లో అది విడుదలైంది. వాటిలో ఎక్స్‌ఏ 21 అనేది మొదట ఆఫ్రికా అడవి వరిది. ఇక 2025 మే నెలలో ప్రకటించిన కమల అనే వరి కూడా సాంబ మసూరి నుంచే వచ్చింది. ఇందులో బయటి జన్యువును నిలిపి ఉంచలేదు. మొక్కలో కణ విభజనను పెంచే ఒక హార్మోన్‌ను విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది, ఆ ఎంజైము జన్యువును సవరించారు. హార్మోన్ విరగడం తగ్గింది, కంకికి గింజలు పెరిగాయి. బోర్డు మీద చెరపకుండా ఉంచిన వరుస చూపించి అడగండి: బీటీ పత్తిలో, 2008 సాంబ మసూరిలో, కమలలో మార్పు ఎక్కడ జరిగింది? జన్యువు ఎవరిది? ఈ మూడింటినీ "జీఎం" (జన్యుమార్పిడి) అని ఒకే గాటన కట్టేసే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లలు విడదీసి చెప్పగలగాలి.

ఊరికి దూరంగా ఉన్న ఉదాహరణ ఒకటి చాలు. 1997లో హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్ బి టీకా తెచ్చింది. వైరస్ పైపొర ప్రోటీన్ జన్యువును ఈస్ట్‌లో పెట్టి ఆ ప్రోటీన్ తయారు చేయించారు. చిన్నప్పుడు హెపటైటిస్ బి టీకా వేయించుకున్న పిల్లలంతా ఇలాంటి పద్ధతిలో తయారైన ప్రోటీన్‌ను చేతికో తొడకో పొడిపించుకున్నవాళ్లే.

చివర్లో ఒక చర్చ పెట్టండి. బీటీ వంకాయ మీద అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేశ్ దేశంలో బహిరంగ విచారణలు జరిపారు, అందులో హైదరాబాద్ ఒకటి. 2010 ఫిబ్రవరిలో దాని అనుమతిని నిలిపేశారు. 2013లో బంగ్లాదేశ్ మాత్రం దానికి అనుమతి ఇచ్చింది. క్లాసులోనే విచారణ జరిపించండి: రైతు, కూరగాయలమ్మే ఆమె, శాస్త్రవేత్త, విత్తన కంపెనీ మనిషి, వంట చేసే అమ్మ. ఎవరికి ఏ అభిప్రాయం ఉందో దానికి ఎదురు పాత్ర ఇవ్వండి. నియమం ఒకటే. "మంచిది", "ప్రమాదం" అని ఊరికే అనకూడదు, ఏ ప్రోటీన్ ఎవరి శరీరంలో ఏం చేస్తుందో చెప్పాలి. తినేవాళ్లకు హాని ఉందా, పురుగు తట్టుకుంటుందా, విత్తనం ఎవరి చేతిలో ఉంది అనే మూడు ప్రశ్నలను విడివిడిగా నడపండి. మూడోది జీవశాస్త్రం కాదు. అయినా వదలొద్దు, సాంఘికశాస్త్రం టీచర్‌ను పిలిచి కూర్చోబెట్టుకోండి. పత్తి నష్టాలు, అప్పుల మాట వస్తుంది. ఆ బాధ పడ్డ ఇంటి పిల్ల మీ ముందే ఉండొచ్చు, కాబట్టి గొంతు తగ్గించి, తప్పంతా ఒక్క జన్యువు మీదో ఒక్క రైతు మీదో వెయ్యకుండా నడపండి. వానలు, ధరలు, నకిలీ విత్తనాలు, వడ్డీ అన్నీ అందులో ఉన్నాయి.

పాఠం తలకెక్కిందో లేదో తెలుసుకోవడానికి యూనిట్ టెస్టులో నేను పెట్టే ప్రశ్న ఇది: "బీటీ పత్తి మొక్క ప్రతి కణంలోనూ క్రై 1 ఏసీ జన్యువు ఉంది. అయినా డిసెంబర్‌లో ఆ మొక్క కాయల్లో పురుగులు కనిపించాయి. మూడు కారణాలు రాసి, ఒక్కొక్కటి పాఠంలో ఏ భాగానికి చెందుతుందో చెప్పండి." ప్రోటీన్ మోతాదు తగ్గడం, కాయలో బీటీ లేని గింజలుండటం, పురుగు తట్టుకునే శక్తి పెంచుకోవడం. రెండు రాసినా పూర్తి మార్కులకు దగ్గరగా వెయ్యండి. ఒక్కటీ రాయలేనివాళ్లు ఎక్కువమంది ఉంటే పెసల గ్లాసుల దగ్గరికే మళ్లీ వెళ్లాలి, చింతగింజల దగ్గరికి కాదు.